తాతల నాటి సైకిల్‌ను కాటాకెక్కించే ముందు...

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత గ్రామాల్లో పశువుల కొట్టంలోనో, మిద్దెమెట్ల కిందనో తుప్పుపట్టిన పాత సైకిల్ ఒకటి పడి ఉండని వీధి అరుదు. పాత ఇనుము కొనే బండి మైకు పెట్టుకుని ఊళ్లోకి వచ్చినప్పుడల్లా ఇవి ఒక్కొక్కటిగా బయటికి వస్తున్నాయి. ఒకప్పుడు ఉల్లిగడ్డలకో, ప్లాస్టిక్ బిందెకో మార్పిడి జరిగేది. ఇప్పుడు కాటా పెట్టి కిలో లెక్కన డబ్బిస్తున్నారు. సుగ్గికి గుంటూరు వైపో, బెంగుళూరు వైపో వలసపోయే కుటుంబాలు ఇంటికి తాళం వేసే ముందు ఇలాంటి సామాను వదిలించుకుంటున్నాయి. 20 కిలోలకు అటూ ఇటూ తూగే సైకిల్‌కు చేతికొచ్చేది ఒకటి రెండు రోజుల కూలి డబ్బుకు మించడం లేదు.

అమ్మేవారు అవసరం కొద్దీ అమ్ముతున్నారు. దానిని తప్పుపట్టే పనిలేదు. విచారకరమైన సంగతి ఏమిటంటే, తాము అమ్ముతున్నదేమిటో తెలియకుండా అమ్మడం. చక్రాలు సొట్టపోయినా, చైను తెగినా, సీటు చినిగినా సైకిల్ పోయినట్టు కాదు. అవన్నీ మార్చదగిన సామాన్లు. సైకిల్‌కు అసలు ప్రాణం ఫ్రేము. 50, 60 ఏళ్ల కిందటి ఉక్కు ఫ్రేము వంగకుండా, పగలకుండా ఉంటే దానిని మళ్లీ రోడ్డు మీదికి తేవచ్చు.

ఈ ప్రాంతానికి సైకిల్ ఎంత చేసిందో పెద్దలకు చెప్పనక్కరలేదు. మాచాని సోమప్ప గారి చొరవతో 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం ఏర్పడిన కాలం నుంచి నూలు మోపులు ఇంటికీ, నేసిన బట్ట సంఘానికీ మోసినవాటిలో సైకిల్ క్యారియర్ ఒకటి. ఆదోని పత్తి మిల్లులకు, నూనె మిల్లులకు చుట్టుపక్కల పల్లెల నుంచి కూలీలు హ్యాండిల్‌కు సద్దిమూట తగిలించుకుని వచ్చింది సైకిళ్ల మీదనే. రెండు ఊళ్ల మధ్య ఉన్న సుమారు 30 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, బస్సు ఛార్జీ మిగుల్చుకున్నవారు ఇప్పటికీ ఉన్నారు. పెళ్లిలో అల్లుడికి సైకిల్, వాచీ, రేడియో పెట్టడం గొప్ప మర్యాదగా చెల్లిన రోజులవి.

అలా వచ్చిన సైకిల్‌ను ‘లండన్ సైకిల్’ అని చెప్పుకోవడం ఈ ఊళ్లలో వాడుక. నిజానికి ఆ పేరున్న కంపెనీల్లో పెద్దవేవీ లండన్‌వి కావు. రాలీ కార్ఖానా నాటింగ్‌హాంలో ఉండేది. హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. రెండూ బర్మింగ్‌హాం కంపెనీలు. బి.ఎస్.ఏ. మొదట తుపాకులు చేసిన కంపెనీ. అందుకే దాని గుర్తు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు. స్వాతంత్ర్యానికి ముందు ఈ దేశంలో తిరిగినవాటిలో అధిక భాగం ఓడల్లో దిగుమతి అయినవే. ఆ తర్వాత అవే పేర్లతో ఇక్కడే తయారీ మొదలైంది. 1949లో మద్రాసులో నెలకొల్పిన టి.ఐ. సైకిల్స్ వారు అంబత్తూరులో హెర్క్యులిస్, ఫిలిప్స్, బి.ఎస్.ఏ. సైకిళ్లు చేశారు. బెంగాల్‌లో అసన్‌సోల్ వద్ద సెన్-రాలీ కంపెనీ రాలీ, హంబర్, రడ్జ్ పేర్లతో తయారుచేసింది. బొంబాయిలో హింద్ సైకిల్, సోనీపట్‌లో అట్లాస్, లూధియానాలో హీరో, ఏవన్ వచ్చాయి.

కనుక ఈ ఊళ్లలో మిగిలిన పాత సైకిళ్లలో ఎక్కువ భాగం ఇంగ్లండువి కాక అసన్‌సోల్‌వో, మద్రాసువో, లూధియానావో అయి ఉంటాయి. అందులో చిన్నతనం ఏమీ లేదు. సెన్-రాలీ, హింద్ సైకిల్ కంపెనీలు రెండింటినీ 1980లో ప్రభుత్వం జాతీయం చేసింది. తర్వాత అవి మూతపడ్డాయి. అట్లాస్ వారు సాహిబాబాద్ కార్ఖానాలో పని ఆపేసింది 2020 జూన్ 3న, అంటే సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు. మూతపడిన కార్ఖానా నుంచి కొత్త ఫ్రేము రాదు. ఉన్నవాటిని గుర్తుపట్టి నిలుపుకోవడమే మిగిలింది.

గుర్తుపట్టడం బ్రహ్మవిద్య కాదు. ముందుగా చూడవలసింది హ్యాండిల్ కింద నిలువు గొట్టానికి రివెట్లతో బిగించిన రేకు బిళ్లను. రాలీ అయితే కొంగ తల, బి.ఎస్.ఏ. అయితే తుపాకులు ఉంటాయి. బిళ్ల ఊడిపోయినా రెండు రివెట్ల రంధ్రాలు, వాటి మధ్య దూరం మిగులుతాయి. తర్వాత నంబరు చూడాలి. అది సీటు గొట్టం పైకొసన బోల్టు దగ్గరో, కింద పెడల్ ఇరుసు తిరిగే గుండ్రటి గూడు అడుగునో చెక్కి ఉంటుంది. రంగు పూతల కింద అంకెలు కనిపించకపోతే ఆకురాయి పెట్టి గీకరాదు. గుడ్డను కిరసనాయిలులో తడిపి తుడిచి, పైన పలుచటి కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దితే అంకెలు కాగితం మీదికి తేలుతాయి. ట్రంకు పెట్టెలో పాత బిల్లు ఉంటే అందులోని నంబరుతో సరిపోల్చవచ్చు. మునిసిపాలిటీలు, పంచాయతీలు సైకిల్ పన్ను కట్టించుకుని ఇచ్చిన పాత బిళ్లలు కూడా కొన్ని ఇళ్లలో మేకుకు వేలాడుతున్నాయి. ఆ సైకిల్ ఏ ఏడాది ఎవరి చేతిలో ఉన్నదీ ఆ బిళ్లలు చెబుతాయి. వాటిని సైకిల్‌తోపాటు కాటాలో వేయడం పత్రాలను పొయ్యిలో వేయడంతో సమానం.

చైను తిరిగే ముందు పళ్ల చక్రాన్ని చూసి మాత్రమే తీర్పు చెప్పరాదు. రాలీ చక్రంలో కొంగ తలలు, హంబర్ చక్రంలో ఐదుగురు మనుషుల బొమ్మలు ఉండే మాట నిజమే. కానీ ఆ చక్రం అరిగితే పక్క సైకిల్‌ది తెచ్చి బిగించిన మెకానిక్కులు ఊరూరా ఉన్నారు. సీటు మీద బ్రూక్స్ అనీ, ఇంగ్లండు అనీ ఉన్నంత మాత్రాన ఫ్రేము కూడా అక్కడిదే అనుకోరాదు. బిళ్ల, నంబరు, ఫోర్కు పైభాగం ఆకారం, గొట్టాల జోడింపులు — ఈ నాలుగూ ఒకే మాట చెబితేనే నమ్మాలి.

ఇక బాగుచేయడం. పాత ఉక్కు ఫ్రేములో గొట్టాలు కలిసేచోట తొడుగులు ఉంటాయి. వాటిని లగ్గులంటారు. గొట్టాన్ని లగ్గులో దూర్చి, కరిగిన ఇత్తడి పోసి అతికించేవారు. అలాంటి అతుకు వదులైతే మళ్లీ గ్యాస్ మంటతో, ఇత్తడి కడ్డీతోనే అతికించాలి. దగ్గరలో ఉన్నదని ట్రాక్టరు ట్రాలీలకు పనిచేసే కరెంటు వెల్డింగ్ షాపుకు తీసుకుపోతే సన్నని గొట్టం కాలి చిల్లుపడుతుంది. పడకపోయినా, అతుకు పక్కనే గట్టిపడి నెలలోపే పగులుతుంది. ఈ ఒక్క తెలివితక్కువ పనితో పాడైన ఫ్రేములు తుప్పుతో పోయినవాటికి తక్కువేమీ ఉండవు.

ఫ్రేము వంకర చూడడానికి కావలసింది ఒక దారం. వెనక చక్రం ఇరుసు బిగించే చోట ఒకవైపు దారం కట్టి, ముందు నిలువు గొట్టం చుట్టూ తిప్పి, రెండోవైపు అదే చోటికి లాగి కట్టాలి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండువైపులా సమానంగా ఉంటే ఫ్రేము నిటారుగా ఉన్నట్టే. ముందు గొట్టానికి వెనక, పైబారు, కింది గొట్టం అడుగున వేలితో తడిమితే ముడతలు తగులుతాయేమో చూడాలి. తగిలితే ఆ సైకిల్ ఎప్పుడో ఎడ్లబండికో, గోడకో గుద్దుకున్నదన్నమాట. దానిమీద బస్తాలు మోయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

నల్లరేగడి ఊళ్లలో ఇంకొక జాగ్రత్త అవసరం. వానాకాలం మడ్‌గార్డులో ఇరుక్కుపోయిన బురద చక్రాన్ని తిరగనీయక, సైకిల్‌ను మనిషే భుజాన మోసిన సంగతి ఇక్కడి రైతులకు కొత్తకాదు. ఆ బురద పెడల్ గూడు వెనక ఏళ్లతరబడి అలాగే పేరుకుని తేమను పట్టి ఉంచుతుంది. ఫ్రేము తుప్పు ముందు తినేది అక్కడే. మట్టి గోకి, స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడాలి. మొన దిగకపోతే ఫ్రేముకు ఆయువు ఉన్నట్టే లెక్క.

ఆ గూడులోని కప్పులు విప్పే దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. చైను వైపు కప్పుకు మర తిరగేసి ఉంటుంది. మామూలు బోల్టు లాగా ఎడమకు తిప్పితే మరింత బిగుస్తుంది. అసలు చిక్కు రాలీలో వస్తుంది. తక్కిన ఇంగ్లీషు కొలత సైకిళ్లకు ఆ కప్పు మర అంగుళానికి 24 చుట్లు ఉంటే, నాటింగ్‌హాం రాలీకి 26 ఉంటుంది. తెలియని కుర్రవాడు బజారులో దొరికిన కప్పును బలవంతాన తిప్పితే ఫ్రేము మరలే చెడతాయి. పాత కప్పులు బాగుంటే అవే కడిగి వేసుకోవడం మేలు. గుండ్లు మాత్రం కొత్తవి వేయాలి. అవి కూడా అన్నీ ఒకేసారి మార్చాలి. పాతవాటిలో నాలుగు కొత్తవి కలిపితే భారమంతా ఆ నాలుగింటి మీదే పడుతుంది. సీటు కడ్డీ బిగుసుకుపోతే కిరసనాయిలు, నూనె కలిపి పోసి రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. గొట్టం తొడిగి మెలితిప్పితే పైన ఉన్న లగ్గు చీలుతుంది.

టైర్లకు, చక్రాలకు వెతుకులాట పెద్దగా లేదు. 28 అంగుళాల పాత కొలత టైర్లు దేశంలో ఇప్పటికీ తయారవుతున్నాయి. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు ఉండే పద్ధతి చెడగొట్టకూడదు. రాడ్డు బ్రేకుల సైకిల్‌కు రిమ్ము లోపలివైపు బ్రేకుకట్ట ఆనాలి గనుక, కొత్తరకం రిమ్ము తెచ్చి వేస్తే బ్రేకు పట్టదు.

రంగు విషయంలో పట్టణపు మోజు పల్లెలకూ అంటుకున్నది. ముదురు ఎరుపో, మెరిసే నీలమో కొట్టించి పెళ్లికొడుకులాగా తయారుచేయడం కొందరికి బాగుచేసినట్టు తోస్తున్నది. నల్లరంగు మీద సన్నని బంగారు గీతలు, కంపెనీ అక్షరాలు ఇంకా మిగిలి ఉంటే వాటిని రుద్ది తీసేయడం అన్యాయం. పాత గ్రీజు పొర కిందే అవి భద్రంగా ఉండే అవకాశం ఎక్కువ. సబ్బునీళ్లతో, మెత్తని గుడ్డతో ఓపికగా కడిగితే బయటపడతాయి. తుప్పు రంగునంతా తినేసిన ఫ్రేముకైతే కొత్త పూత తప్పదు.

పుణెలో పాత సైకిళ్లకు మ్యూజియమే ఉన్నది. నగరాల్లో వీటిని సేకరించేవారు మంచి ధర పెట్టి కొంటున్నారు. ఆ ధర సంగతి ఇక్కడ ఇనుము అమ్మే ఇంటికి చేరడం లేదు, నడుమ చేతులు మారినవారికే లాభం దక్కుతున్నది. ఇంటి మనిషికే అమ్మాలని ఉంటే బిళ్ల, నంబరు చూసుకుని, బేరమాడి అమ్ముకోవచ్చు. కాని గోడకు తగిలించిన సైకిల్ కన్నా తొక్కే సైకిలే మేలు. పొలానికి, బడికి, సంతకు పోయే నాలుగైదు కిలోమీటర్లకు పెట్రోలు కాల్చడం ఎందుకని ఆలోచించే ఇళ్లలో ఈ ఫ్రేములకు ఇంకా పని ఉన్నది.

ఇక్కడ అసలు కొరత సామాను కాదు, చెయ్యి. బాడిగ సైకిళ్ల కాలంలో పని నేర్చిన మెకానిక్కులు చాలామంది వృద్ధులయ్యారు. వారి కొడుకులు మోటారు సైకిళ్ల షాపులకు పోయారు. పోక ఏంచేస్తారు? ఫ్రేము దారం పట్టి చూసి, కప్పు విప్పి, గుండ్లు మార్చి, చక్రం పుల్లలు లాగి సరిచేసే పనికి పూట పడుతుంది. ఆ పూటకు పంచరు వేసినదానికన్నా నాలుగు రూపాయలు ఎక్కువ అడిగితే బేరమాడేవారే అందరూ. మోటారు బండికి సర్వీసింగు అంటే అడిగినంత ఇచ్చేవారు, సైకిల్ మెకానిక్కు కూలి దగ్గర మాత్రం గీసి గీసి లెక్కపెట్టడం ఏమి న్యాయమో వారే చెప్పాలి. ఆదోనిలో, ఎమ్మిగనూరులో మిగిలిన ఆ కొద్దిమంది దగ్గర ఒక్కొక్క కుర్రవాడు ఏడాదిపాటు పని నేర్చుకునేలా మునిసిపాలిటీలు కొద్దిపాటి భృతి ఇస్తే అది పెద్ద ఖర్చేమీ కాదు. పాత ఇనుము వ్యాపారులు కూడా బిళ్ల, నంబరు ఉన్న ఫ్రేములను కోయకుండా పక్కన పెట్టి, ఇనుము ధరకు కొంత చేర్చి ఆ షాపులకే అమ్మితే వారికీ నష్టం లేదు. ఈ రెండూ వచ్చే సుగ్గి వలసలు మొదలయ్యేలోగా జరగాలి. ఫ్రేములు ఎక్కువగా కాటాకెక్కేది అప్పుడే.