పరాయి గడ్డపై యుద్ధమా? ముందు ఇది అడగండి!

గ్రూప్ డిస్కషన్‌లో 'దేశం బయట మన సైన్యం యుద్ధం చేయొచ్చా?' అని టాపిక్ ఇస్తే సగం మంది దేశభక్తి అంటారు, మిగతావాళ్లు శాంతి అంటారు. ఉదాహరణ లేకపోతే రెండూ గాలిమాటలే. మన చరిత్రలోనే రెండున్నాయి, చూడండి.

1971లో తూర్పు పాకిస్థాన్ నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు వచ్చిపడ్డారు. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో పాక్ సేన లొంగుబాటుతో ముగిసింది. బంగ్లాదేశ్ ఏర్పడింది. కొన్ని నెలల్లోనే మనవాళ్లు తిరిగొచ్చేశారు.

1987లో శాంతి పరిరక్షణకని శ్రీలంక వెళ్లాం. ఒప్పందంపై సంతకం పెట్టింది కొలంబో ప్రభుత్వం, ఆయుధాలు వదలాల్సిందేమో ఎల్‌టీటీఈ! మూడు నెలలు తిరక్కుండానే వాళ్లతోనే యుద్ధం. చివరికి అక్కడి అధ్యక్షుడు ప్రేమదాసే మనల్ని వెళ్లిపొమ్మన్నారు. 1990 మార్చిలో వెనక్కి వచ్చేసరికి సుమారు 1,200 మంది జవాన్లను పోగొట్టుకున్నాం.

జవాన్ల ధైర్యం రెండుచోట్లా ఒకటే. రెండోసారి లక్ష్యమే మధ్యలో మారిపోయింది. నన్నడిగితే, ఎప్పుడు తిరిగి రావాలో చెప్పలేని యుద్ధానికి సైన్యాన్ని పంపకూడదు. మీరు ఏ పక్షాన మాట్లాడినా సరే, ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోండి. వెళ్లేది మీ వయసు కుర్రాళ్లే కదా!