పోలీసు కాని పోలీసు కొలువు

పోలీసు ఉద్యోగంలో చేరగోరే యువకునికి సలహాలు చెప్పేవారికి మన దేశంలో కొదవ లేదు. తెల్లవారుజామున లేచి పరుగెత్తమంటారు, లెక్కలు సాధన చేయమంటారు, వర్తమాన విశేషాలు కంఠస్థం చేయమంటారు. ఆ యువకుడు ఖరగ్‌పూర్ తెలుగువాడైతే మాత్రం ఇవన్నీ తరువాతి మాటలు. ఏ తలుపు తట్టాలన్నది అతని మొదటి ప్రశ్న. మూడు తలుపులున్నట్లు కనబడుతుంది. నిదానించి చూస్తే అతనికి అందుబాటులో ఉన్నది ఒక్కటే. దాని తాళంచెవి ఢిల్లీలోని రైల్ భవన్‌లో ఉన్నది కనుకనే ఈ వారం ఆ ప్రస్తావన.

కటకం నుండి దక్షిణంగా సాగే రైలు మార్గం 1902లో బెంగాల్ నాగపూర్ కంపెనీ చేతికి వచ్చినది మొదలు, మన ఉత్తరాంధ్ర పల్లెల నుండి ఖరగ్‌పూర్ కర్మాగారానికి కూలికై వెళ్లిన కుటుంబాలు వేలకు వేలు. మూడు నాలుగు తరాలు గడిచాయి. ఇంట తెలుగు, వీధిలో హిందీ, బజారులో వంగభాష. ఈ కుటుంబాల పిల్లలకు సర్కారు కొలువు అంటే రైల్వే కొలువే. కర్మాగారాల్లో మనుషుల అవసరం తగ్గుతూ వచ్చిన కొద్దీ వారి చూపు ఖాకీ మీదకు మళ్లింది.

మొదటి తలుపు పశ్చిమ బెంగాల్ పోలీసు శాఖది. కానిస్టేబులు కాగోరేవాడు బెంగాలీ మాట్లాడగలగాలి, చదవగలగాలి, రాయగలగాలి. డార్జిలింగ్, కాలింపాంగ్ కొండ ప్రాంతాల వారికి మినహాయింపు ఉన్నది. ఖరగ్‌పూర్ వారికి లేదు. తెలుగును అధికార భాషలలో చేర్చాలని మమతా బెనర్జీ మంత్రివర్గం 2020 డిసెంబరులో తీర్మానించినప్పుడు మన పత్రికలన్నీ హర్షించాయి. ఆ హర్షం పోలీసు ఠాణా గుమ్మం దాటి లోపలికి రాలేదు. ప్రజల భాష తెలిసినవాడే రక్షకభటుడు కావాలని ఒక రాష్ట్రం కోరడంలో తప్పేమీ లేదు. మనమైనా అదే కోరతాం. కాని బెంగాలీ ధారాళంగా మాట్లాడుతూ, వేరే మాధ్యమంలో చదివినందున రాయలేని కుర్రవానికి, శిక్షణ కాలంలో నేర్చుకొనే గడువు ఇస్తే కొంప మునిగేదేమిటి?

రెండవ తలుపు మాతృభూమిది. పుట్టిల్లు కదా అని వస్తే 371-డి అధికరణ అడ్డు నిలుస్తుంది. స్థానికత రక్తాన్ని బట్టి కాక, చదివిన ఊరిని బట్టి నిర్ణయమవుతుంది. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 95 శాతం ఉద్యోగాలను స్థానికులకే కేటాయించింది. ఆంధ్రప్రదేశ్‌లో సైతం ఖరగ్‌పూర్‌లో చదివినవాడు స్థానికేతరుడే. అక్కడ తెలుగువాడు, ఇక్కడ బెంగాల్‌వాడు. రెంటికీ చెడిన రేవడి అన్న మాట ఇటువంటి వారిని చూసే పుట్టి ఉంటుంది.

ఇక మిగిలింది కేంద్రం. సరిహద్దుకో అడవికో పంపే హోం శాఖ దళాలలో చేరడానికి 2023 వరకు హిందీ, ఇంగ్లీషులలోనే పరీక్ష రాయవలసి వచ్చేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ అభ్యంతరం చెప్పారు. తెలంగాణ నుండి కె.టి. రామారావు కూడా లేఖ రాశారు. కొద్ది రోజులకే కేంద్రం దిగివచ్చి, 2024 జనవరి నుండి తెలుగు సహా 13 ప్రాంతీయ భాషలకు చోటిచ్చింది. ఇది మంచి పని. అయినా రైలు కూత వింటూ పెరిగినవానికి సహజమైన కొలువు రైల్వే రక్షక దళమే. జనం నోట అది ఆర్.పి.ఎఫ్. అక్కడ నివాస రాష్ట్రం గొడవ లేదు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. పదవ తరగతి చాలు, వేతనం 21,700 రూపాయలతో మొదలు. పురుష అభ్యర్థి 1,600 మీటర్లను 5 నిమిషాల 45 సెకన్లలో పరుగెత్తాలి. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరుపొందిన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1,072 మీటర్లు. అంటే దానికి ఒకటిన్నర రెట్లన్నమాట!

పరుగు అతని చేతిలో ఉన్నది. ప్రకటన లేదు. కానిస్టేబుళ్ల కోసం 2018లో 8,619 ఖాళీలతో ప్రకటన వెలువడింది. తరువాతిది 4,208 ఖాళీలతో 2024 ఏప్రిల్‌లో వచ్చింది. నడుమ ఆరేళ్లు! మామూలు గరిష్ఠ వయస్సు 25 అయితే, 2018లో తృటిలో అవకాశం తప్పిపోయిన ఇరవై ఏళ్లవానికి 2024 నాటికి 26 దాటాయి. కోవిడ్ పేరున మూడేళ్లు సడలించారు గనుక సరిపోయింది, లేకుంటే ఒక తరానికి తరం బయటే మిగిలిపోయేది. దరఖాస్తులు మేలో ముగియగా, పరీక్ష మరుసటి ఏడాది మార్చిలో గాని జరగలేదు. ఆడపిల్లల సంగతి మరీ విడ్డూరం. 2018లో దాదాపు సగం, అంటే 4,216 ఖాళీలు వారికి కేటాయించగా, 2024లో అది 15 శాతానికి దిగింది. లోకో పైలట్లు, టెక్నీషియన్లు మొదలైన వారి నియామకాలకు ఏటా ఒక క్యాలెండరును 2024లో ప్రకటించిన రైల్వే శాఖకు, తన ఆస్తిని కాపాడే కానిస్టేబులుకూ అదే క్రమం పాటించడం కష్టమా?

సరే, తలుపు తెరుచుకున్నది, కుర్రవాడు లోపలికి వెళ్లాడు. అతడు పోలీసు అయ్యాడా? చట్టం కాలేదంటుంది. బాలకిషన్ దేవీదయాళ్ కేసులో 1980లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, రైల్వే ఆస్తి అక్రమ స్వాధీనంపై 1966 నాటి చట్టం కింద విచారణ జరిపే ఈ దళపు అధికారి, సాక్ష్య చట్టం దృష్టిలో పోలీసు అధికారి కాడు. కాబట్టి నిందితుడు అతని ఎదుట ఒప్పుకొన్నది కోర్టులో చెల్లుతుంది. ఠాణా పోలీసు ఎదుట ఒప్పుకొన్నది చెల్లదు. అధికారం తక్కువ అనుకుంటే ఈ ఒక్క చోట ఎక్కువే అన్నమాట. అందుకు తగిన నిగ్రహం కూడా శిక్షణలో నేర్పాలి. తుక్కు ఇనుము వేలాల చుట్టూ ముఠాలు అల్లుకొని, 2017 జనవరిలో హత్యాకాండను కూడా చూసిన ఖరగ్‌పూర్‌లో ఈ మాట పుస్తకాలకు పరిమితమైనది కాదు. ఆ ముఠాల కథల్లో తెలుగు పేర్లూ వినిపించాయి. ఖాకీ వేసుకున్న మన కుర్రవాడు ఒకనాడు తన వాడవాని ఇంటి తలుపే తట్టవలసి రావచ్చు.

మరొక ముడి ఉన్నది. ప్రయాణికుని పెట్టె పోతే కేసు నమోదు చేయవలసింది రాష్ట్ర ప్రభుత్వపు రైల్వే పోలీసు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రైల్వే పోలీసు రాష్ట్రాల జాబితాలో ఉన్నది. 2003లో రైల్వే చట్టాన్ని సవరించి గొలుసు లాగడం వంటి నేరాలను ఆర్.పి.ఎఫ్.కు అప్పగించినా దొంగతనం, దోపిడీ మాత్రం రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి. పూర్తి అధికారాలివ్వాలని ఢిల్లీ లోగడ యోచించింది. అది సమాఖ్య స్ఫూర్తికి విరుద్ధమని 2012లో లేఖ రాసిన వారిలో అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ఒకరు. ఆనాటి వాదన సబబైనదే. కాని ఆ వాదన ఫలితంగా, చెన్నై మెయిలులో సొమ్ము పోగొట్టుకొని తెలుగులో మొరపెట్టుకొనే శ్రీకాకుళం ముసలమ్మ గోడు అర్థమయ్యే కుర్రవానికి కేసు రాసే అధికారం లేదు. అధికారం ఉన్నవానికి ఆమె భాష రాదు.

అన్నిటికంటె చిత్రమైనది యూనియన్ సంగతి. ఖరగ్‌పూర్ కార్మికుల ఊరు. ఆ కంపెనీ కార్మికులను 1920లలో కూడగట్టి సమ్మె నడిపినవాడు మన వరాహగిరి వెంకటగిరి. 1974 మే నెలలో దేశమంతటా రైళ్లు ఆగి, వేలాది కార్మికులు జైళ్లకు వెళ్లినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నవాడూ ఆయనే. ఆ సమ్మెను చూసిన తాతల మనుమలు నేడు ఖాకీ కోరుతున్నారు. 1957 చట్టం ప్రకారం ఆర్.పి.ఎఫ్. జవాను రైల్వే ఉద్యోగి కూడా. 1985 సవరణ అతణ్ణి కేంద్ర సాయుధ దళ సభ్యుణ్ణి చేసి, అనుమతి లేనిదే కార్మిక సంఘంలో చేరరాదన్నది. తండ్రి యూనియన్ జెండా పట్టుకొని గేటు ముందు నిలిస్తే, కొడుకు లాఠీ పట్టుకొని గేటు లోపల నిలవాలి. పక్కనే ఉన్న హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న ఇద్దరు నిరాయుధ ఖైదీలను కాల్చి చంపిన ఘటనను ఆ ఊరు మరువలేదు. ఖాకీ వేసుకొనే ప్రతి కొత్తవానినీ ఆ ఊరు ఆ జ్ఞాపకంతోనే చూస్తుంది.

దళంలో చేరవద్దని ఈ మాటల భావం కాదు, చేరాలి. తెలుగు వచ్చిన రక్షకభటులు ఆ మార్గానికి అవసరం. అయితే అక్కడి యువకుని పక్షాన ఢిల్లీలో అడిగేవాడెవడు? మేదినీపూర్ లోక్‌సభ సభ్యునికి తెలుగు ఓట్లు ఎన్నికల వేళ గుర్తుకు వస్తాయి. మన రెండు రాష్ట్రాల సభ్యులకు ఆ ఓట్లు అక్కరలేదు. రైల్వే పద్దులపై చర్చలో కొత్త రైళ్లు, కొత్త స్టాపులు కోరుతూ ఇరవై నిమిషాలు మాట్లాడే మన సభ్యులు, కానిస్టేబుళ్ల ప్రకటన ఏటా ఎందుకు రాదని ఒక్క నిమిషం అడిగినా చాలు. ఖరగ్‌పూర్‌లో ఇరవై నాలుగేళ్లు నిండినవానికి మిగిలిన గడువు ఒక్క ఏడాదే.