యూట్యూబ్‌లో దొరకని ప్లేలిస్ట్

చీడికాడ నుంచి ఓ తమ్ముడు ఇన్‌బాక్స్‌లో ఇలా రాశాడు: "అక్కా, మా మామ్మకి 78 ఏళ్లు. డిమెన్షియా అని డాక్టరు గారు చెప్పారు. పొద్దు వాలితే చాలు, బట్టలు మూట కట్టుకుని 'మా ఇంటికి పోతాను' అంటాది. ఇదే మన ఇల్లు అంటే వినదు, అమ్మ మీద అరుస్తాది. అమ్మకి రాత్రిళ్లు నిద్ర లేదు. పాటలు పెడితే తగ్గుతాదని రీల్‌లో చూశాను. నిజమేనా?"

సగం నిజం తమ్ముడూ. పాటతో జబ్బు తగ్గదు, పోయిన జ్ఞాపకాలు తిరిగి రావు. కానీ ఆ సాయంత్రం పూట కాస్త తేలికపడొచ్చు. మామ్మకే కాదు, మీ అమ్మకి కూడా.

మన దేశంలో 60 దాటినవాళ్లలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. వీళ్లలో ఎక్కువమందికి ఉండేది అల్జీమర్స్. అందులో కొత్త సంగతులు దాచుకునే భాగం ముందు దెబ్బతింటుంది. అందుకే పొద్దున తిన్న టిఫిన్ గుర్తుండదు. పాత పాటల జ్ఞాపకం మెదడులో చాలా చోట్ల పరుచుకుని ఉంటుంది, అందులో కొన్ని చోట్లకి జబ్బు ఆలస్యంగా చేరుతుంది. మనవడి పేరు మరిచిపోయిన మనిషి కూడా పల్లవి అందుకునేది అందుకే.

ఫిన్లాండ్‌లో 89 జంటల మీద ఓ అధ్యయనం చేశారు. జంట అంటే డిమెన్షియా మొదటి దశల్లో ఉన్న మనిషి, చూసుకునే మనిషి. కొందరికి కలిసి పాడటం, కొందరికి కలిసి వినడం 10 వారాలు నేర్పించారు. రెండింటిలోనూ పెద్దవాళ్ల మూడ్ మెరుగైంది. పాడిన ఇళ్లలో చూసుకునేవాళ్లకి కూడా మనసు కుదుటపడింది. 2014లో ఈ ఫలితాలు వచ్చాయి.

మరి ఏ పాట? నీకు నచ్చిన 'ఓల్డ్ మెలొడీస్' కాదు. మనిషికి 10 నుంచి 30 ఏళ్ల మధ్య విన్నవే లోతుగా నాటుకుంటాయి. మామ్మ వయసుకి లెక్కేస్తే 1957 నుంచి 1977 దాకా, అంటే 'మాయాబజార్' వచ్చిన ఏడాది నుంచి. విశాఖ ఆకాశవాణి మొదలైంది 1963లో. ఇంట్లో రేడియో ఉండేదా, సినిమాకి చోడవరం వెళ్లేవారా అని అడుగు. రెండూ లేకపోతే ఆవిడ పాటలు వేరే: ఉడుపుల్లో పాడుకున్నవి, గొబ్బిపాటలు, తప్పెటగుళ్లు, రామభజనలు, మీ నాన్నని ఊపిన జోలపాట. అవి యూట్యూబ్‌లో దొరక్కపోవచ్చు. మామ్మ చెల్లెలి దగ్గరికో, ఈడువాళ్ల దగ్గరికో వెళ్లి పాడించి ఫోన్‌లో రికార్డ్ చెయ్. తెలిసిన గొంతైతే మరీ మంచిది.

ముందు ఐదు పాటలు చాలు. ఆవిడ మూట కట్టడం మొదలెట్టాక కాదు, దానికి అరగంట ముందే పెట్టు. టీవీ ఆపెయ్. పాటలు డౌన్‌లోడ్ చేసుకో, ఎందుకంటే పాట మధ్యలో గట్టిగా అరిచే యాడ్ ఆవిడని బెదరగొట్టేస్తుంది. ఇయర్‌ఫోన్స్ వద్దు, చిన్న సౌండ్‌తో స్పీకర్ చాలు. పావుగంట, ఇరవై నిమిషాలు దాటించకు. స్నానానికి పేచీ పెడుతుంటే రోజూ అప్పుడు ఒకటే పాట పెట్టి చూడు.

ఫోన్ పెట్టేసి లేచిపోకు, ఆవిడ మొహం చూడు. వేలు కదిలినా, పెదవి ఆడినా ఆ పాట ఉంచు. కన్నీళ్లు వస్తే కంగారుపడకు, చెయ్యి పట్టుకుని కూర్చో. ఏడుపు ఆగకపోయినా, విసుక్కున్నా వెంటనే ఆపెయ్. పోయినవాళ్లని గుర్తుచేసే పాట కావచ్చు. "ఈ పాట ఏ సినిమాది చెప్పు" అని మాత్రం పరీక్షలు పెట్టొద్దు. గొంతు బాగోకపోయినా నువ్వు కూడా పాడు.

ఒక జాగ్రత్త. రెండు రోజుల్లోనే హఠాత్తుగా గొడవ పెరిగితే పాటలతో సరిపెట్టొద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి ఏదైనా కారణం కావచ్చు, డాక్టరుకి చూపించు. పెద్దవాళ్ల సమస్యలకి 14567 హెల్ప్‌లైన్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. అమ్మకి మనసు బాగోకపోతే టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు.

ఆ ఇరవై నిమిషాల డ్యూటీ మాత్రం నీదే తమ్ముడూ. అమ్మని ఆ టైమ్‌లో పడుకోమను, లేదా వీధిలోకి వెళ్లి నలుగురితో మాట్లాడి రమ్మను. దీన్ని కూడా అమ్మ నెత్తిన ఇంకో పనిగా పెట్టకు.

ఇది చదువుతున్న మిగతావాళ్లకి: మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పుడు శుభ్రంగానే ఉండొచ్చు. ఈ ఆదివారం వాళ్లకి ఇష్టమైన పది పాటలు అడిగి రాసిపెట్టండి. అడిగితే చెప్పగలిగినప్పుడే అడగాలి కదా.