‘మిమ్మల్ని మీరు’ అనే ముందు



మాది ఉప్పాడ. మా ఊళ్లో వల వేసేవాళ్లు, మగ్గం నేసేవాళ్లు, మాలాగా నాలుగు గింజలు పండించుకునేవాళ్లు ఉన్నారు. సముద్రం మాత్రం అందరికీ ఒక్కటే. ఏళ్ల తరబడి ఒడ్డుని కోసేస్తూ ఊళ్లోకి వస్తోంది. తుఫాను కబురు మాకు కొత్త కాదు.

2025 అక్టోబరులో మొంథా తుఫాను వస్తోందని మా వీధిలో ఆటోకి మైకు కట్టి చెప్పారు: "ప్రజలారా! మిమ్మల్ని మీరు కాపాడుకోండి. మీ సామాన్లు మీరు సర్దుకోండి." మంచి మాటే. నేను అక్షరాలా అలాగే చేశాను. పుస్తకాలు, సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకున్నాను. గేదెల్ని విప్పాను. చేలో కంకి మీదున్న వరికి దణ్ణం పెట్టి బయల్దేరబోతుంటే మా నాన్న అడిగాడు: "ఒరేయ్, పక్కింటి మామ్మ మాటేంట్రా?"

మామ్మ ఒక్కత్తే ఉంటుంది. చెవులు సరిగ్గా వినపడవు. మైకు మాట ఆవిడ దాకా పోనే లేదు. బి.ఎస్సి. చదువుతున్న నాకు తట్టనిది, ఏడో తరగతితో ఆపేసిన మా నాన్నకి తట్టింది. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

అప్పట్నుంచీ ఆ "మిమ్మల్ని మీరు" గురించి ఆలోచిస్తున్నాను. క్రియకి "కొను" చేరితే వ్యాకరణంలో ఆత్మార్థకం అంటారు. వండుకున్నాడు, రాసుకున్నాడు - చేసిన పని తన కోసమే అన్నమాట. కాని నలుగురి విషయంలో ఆ "కొను"కే ఇంకో అర్థం ఉంది. "పిల్లలు కొట్టుకుంటున్నారు" అంటే, ఎవరి చెంప వాళ్లు వాయించుకుంటున్నారని ఏ తల్లీ అనుకోదు కదా! అలాగే ఉత్త "కాపాడుకోండి"లో రెండు అర్థాలూ ఇముడుతాయి. ముందు "మిమ్మల్ని మీరు" అని తగిలించగానే రెండోది జారిపోతుంది.

నేను సరదాగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. అందులోనూ ఇదే చిక్కు. గుంపుతో మాట్లాడేటప్పుడు స్పెయిన్‌లో చనువున్నవాళ్లకైతే "ఓస్", లాటిన్ అమెరికాలో ఎవరికైనా "సే" చేరుస్తారు. "అయూదెన్సే" అంటే మీకు మీరు సాయం చేసుకోండి అనీ వస్తుంది, ఒకరికొకరు చేసుకోండి అనీ వస్తుంది. రెండోదే అని తేల్చాలంటే "ఉనోస్ ఆ ఓత్రోస్" అని కలపాలి. ఆ పని మనకి "ఒకళ్లనొకళ్లు" అనే మాట చేస్తుంది. ఉన్న మాటని వాడుకోవడమే మనం మరిచిపోతున్నాం.

ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా అనొచ్చు. ముందు తను నిలబడితేనే కదా పక్కవాణ్ణి పట్టుకునేది అనీ అనొచ్చు. నిజమే. కాని మైకు మాట విన్నవాడు దాని ప్రకారమే నడుస్తాడు. నేను నడిచాను. మన కాలేజీలో కూడా ఫ్రెషర్స్ డే నాడు "మిమ్మల్ని మీరు నిరూపించుకోండి" అంటాం. పరీక్షల ముందు "మీ జాగ్రత్తలో మీరుండండి" అంటాం. హాస్టల్లో ఫీజు కట్టలేక, పాఠం అర్థంకాక ఓ మూల కూర్చున్నవాడికి ఆ మాట ఎలా వినపడుతుందో ఒకసారి ఆలోచించండి.

వచ్చే ఏడు యూనియన్ తరఫున మైకు ఎవరు పట్టుకున్నా నా మనవి ఒక్కటే. "ఒకళ్లనొకళ్లు చూసుకోండి" అనండి. మీరూ మాలో ఒకరైతే "చూసుకుందాం" అనండి.

మామ్మ ఇప్పుడు బాగానే ఉంది. ఆ రోజు ట్రాక్టరు మీద మా గేదె దూడ పక్కన కూర్చోబెట్టి తీసుకెళ్లామని నన్ను ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది.

- బి.ఎస్సి. ద్వితీయ సంవత్సరం