ఈ పాటకు నిద్ర పడుతుందా?

పాటల యాప్‌లో ఈ వారం ఒక జాబితా కంటపడింది. హాయిగా నిద్రపోవడానికి సెల్టిక్ సంగీతం అట. వాన చప్పుడు, వేణువు, హార్ప్, మళ్లీ వేణువు, వాటి మధ్యలో స్కాట్లండ్ గాయకుడు డిక్ గాఖన్! అదీ ఏ పాట? 1649లో ఇంగ్లండులో, సర్రేలోని సెయింట్ జార్జ్ కొండ మీద బీడు భూమి దున్నుకుని, నేల అందరిదీ అన్న డిగ్గర్ల పాట. భూస్వాములు మనుషుల్ని పంపి వాళ్లను కొట్టించి, గుడిసెలు తగలబెట్టించిన కథ అది. గాఖన్ దాన్ని పళ్లు బిగించి పాడతాడు. అది వింటూ నిద్రలోకి జారుకోగలిగినవాడికి వందల ఎకరాలైనా ఉండాలి, చెవుడైనా ఉండాలి.

యంత్రం తయారుచేసిన జాబితా, దానికేం తెలుసు అనకండి. దానికి నేర్పింది మనుషులే. గిటారు ఉంది, డ్రమ్ముల్లేవు, గాయకుడిది స్కాట్లండ్. ఇంకేం, మెత్తటి సంగీతమే అయ్యుంటుందని తేల్చేశారు. స్కాట్లండ్ అంటే పొగమంచు, పాత కోటలు, గళ్ల కిల్టులు మాత్రమే అనుకునేవాళ్లకు లీత్ రేవు ఎందుకు కనబడుతుంది?

గాఖన్ పెరిగింది ఎడిన్‌బరో పక్కనున్న ఆ లీత్‌లోనే. 1948లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి రైలింజను డ్రైవరు, గిటారు వాయించేవాడు. తల్లి హైలాండ్స్ మనిషి, మాతృభాష గేలిక్. చిన్నప్పుడే పాటల పోటీలో వెండి పతకం తెచ్చుకుంది. ఐర్లండ్ నుంచి వచ్చిన తాతకు ఫిడేలు, నానమ్మకు అకార్డియన్. ఇంట్లో పాటకు తప్ప మిగతా అన్నింటికీ కరువే. ఏడేళ్లకు గిటారు పట్టిన పిల్లాడు పెద్దయ్యాక కాగితపు మిల్లులో అప్రెంటిస్‌గా చేరి, 1970 నాటికి ఇక పాటే బతుకుతెరువు అనుకున్నాడు. 1972లో మొదటి ఆల్బమ్. తర్వాత బాయ్స్ ఆఫ్ ద లాక్ బృందంలో కొన్నాళ్లు, ఎలక్ట్రిక్ గిటార్ల ఫైవ్ హ్యాండ్ రీల్ బృందంలో కొన్నాళ్లు.

ఇవన్నీ ఒక ఎత్తు, 1981లో టాపిక్ రికార్డ్స్ విడుదల చేసిన ‘హ్యాండ్‌ఫుల్ ఆఫ్ ఎర్త్’ ఒక ఎత్తు. టాపిక్ కూడా ఆషామాషీ కంపెనీ కాదు. 1939లో కార్మికుల సంగీత సంఘం పెట్టుకున్న రికార్డుల సంస్థ అది. 80ల దశాబ్దం మొత్తంలో మేటి ఆల్బమ్ ఏదని ‘ఫోక్ రూట్స్’ పత్రిక అడిగితే పాఠకులూ విమర్శకులూ ఇద్దరూ దీని పేరే చెప్పారు. పాఠకులూ విమర్శకులూ ఒక్కమాట మీదికి రావడం మన దగ్గర ఎప్పుడైనా చూశారా?

మొదటి పాట ‘ఎరిన్ గో బ్రా’తోనే అసలు సంగతి తెలిసిపోతుంది. ఆర్గైల్ నుంచి ఎడిన్‌బరో వచ్చిన ఒక హైలాండరును పోలీసు ఆపి, నువ్వు ఐరిష్‌వాడివే, మొహం చూస్తే తెలుస్తోందంటాడు. కాదు మహాప్రభో, నాది ఆర్గైల్ అన్నా వినడు. చివరికి పోలీసు నెత్తి పగులుతుంది, మనవాడు ఊరు దాటేస్తాడు. వలస వచ్చినవాడి మీద అనుమానం, యాస మీద వెటకారం, మొహం చూసి ముద్ర వెయ్యడం, అన్నీ ఆ కాసేపట్లోనే. పైగా నవ్వొచ్చేలా. గిటారు ఇక్కడ గొంతు వెనక నడవదు. గాఖన్ మాట విడిచిన చోటల్లా అది ఎదురు జవాబిస్తుంది. తీగల శ్రుతులు మార్చి వాయించే పద్ధతి ఆయనది. గొంతు చూడబోతే గరుకు, కానీ చరణం చివరి అక్షరం దగ్గర చిన్న గమకం వేసి వదిలితే ఆ గరుకే మెరుస్తుంది.

ఇక రెండో పాట స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్‌ది, ‘నౌ వెస్ట్‌లిన్ విండ్స్’. కుర్రతనంలో, ఒక అమ్మాయిని చూసి మొదలుపెట్టిన పాట. ఆగస్టు వస్తుంది, కోతలు, గాలులు, దొరల తుపాకులకు వేట కాలం. బర్న్స్ పిట్టల జాబితా చదువుతాడు. ఏది కొండ మీద ఉంటుంది, ఏది వాగు పక్కన, ఏది పొదలో, ఒక్కోదానికి ఒక్కో చిరునామా. వినేవాడు ప్రకృతి వర్ణనలే అనుకుని చేరగిలబడే వేళకి, ఆ చిరునామాలన్నిటి మీదా తుపాకీ పేలుతుంది. సరదాకు చంపే మనిషి దౌర్జన్యం మీద నాలుగు మాటలు. వెంటనే మళ్లీ అమ్మాయి, సాయంత్రం, నడక. గాఖన్ ఎక్కడా గొంతు పెంచడు. పిట్టల పేర్లు ఎంత శ్రద్ధగా పలికాడో కోపాన్నీ అంతే శ్రద్ధగా పలుకుతాడు. పాటలో రాజకీయం కలిస్తే కళ చెడుతుందని సభల్లో చెప్పే పెద్దలు దీన్ని ఒక్కసారి వినాలి. వాళ్లు వినరనుకోండి, అది వేరే సంగతి.

ఆల్బమ్ పుట్టిన కాలాన్ని కూడా చూడాలి. 1979 మార్చి 1న స్కాట్లండ్‌కు సొంత శాసనసభ కావాలా అని ఓటు పెట్టారు. పోలైన ఓట్లలో 51.6 శాతం కావాలన్నాయి. కానీ మొత్తం ఓటర్లలో 40 శాతం అవునంటేనే చెల్లుతుందని లండన్ పార్లమెంటు ముందే మెలిక పెట్టింది. లెక్క 32.9 దగ్గర ఆగింది. ఎక్కువ ఓట్లొచ్చి కూడా ఓడారు. రెండు నెలలకు థాచర్ ప్రధాని. ఆ కాలంలోనే గాఖన్ జేమ్స్ హాగ్ పాత సంపుటంలోని పాటొకటి తీశాడు. స్కాట్లండ్‌ను ఇంగ్లండుతో కలిపేసిన 1707 విలీనాన్ని తిట్టే పాట. మాటలు కొన్ని మార్చి, కొత్త వరస కట్టి, ‘బోత్ సైడ్స్ ద ట్వీడ్’గా చేశాడు. ఆల్బమ్‌లో ఆఖరి పాట ఇదే. ఇంగ్లండు మీద పగ లేకుండా తన దేశం తనకు కావాలనడం ఎలాగో ఇందులో ఉంది. ఉద్యమాల్లో ఉన్నవాళ్లకే తెలుసు అదెంత కష్టమో.

ఇప్పుడు నన్ను అసలు మండిస్తున్న సంగతి. డిగ్గర్ల పాట పాతది కాదు, గాఖన్‌దీ కాదు. లియాన్ రోసెల్సన్ అనే లండన్ రచయిత 1970లలో రాశాడు. తర్వాత బిల్లీ బ్రాగ్ పాడితే బ్రాగ్ పాట అన్నారు. బర్న్స్ పాటను స్కాటిష్ జానపదం అని సరిపెడతారు. రికార్డు అట్ట వెనక రాసినవాడి పేరు, ఫిడేలు బ్రయన్ మెక్‌నీల్, విజిల్ ఫిల్ కనింగ్‌హామ్ అని వివరాలుండేవి. ఫోన్‌లో బొటనవేలంత బొమ్మ మిగిలింది, వెనక వైపు లేదు.

పేరు పోయాక డబ్బు పోవడం ఎంతసేపు? బర్న్స్ పాటలకు డబ్బు వద్దన్నాడు. 1793లో పాటల సంపుటాల సంపాదకుడు జార్జ్ థామ్సన్ ఐదు పౌండ్లు పంపితే మళ్లీ ఇలాంటి పని చెయ్యొద్దని మందలించాడు. 1796 జూలైలో, చావు దగ్గరపడ్డాక, అప్పులవాడు జైలంటున్నాడు, ఐదు పౌండ్లు పంపండని అదే థామ్సన్‌కు రాయాల్సి వచ్చింది. సరే, వద్దనడం బర్న్స్ ఇష్టం. గాఖన్ వద్దనలేదే! ఆయన పాత ఆల్బమ్‌లు కొన్ని హక్కుల తగాదాలో ఇరుక్కుని దశాబ్దాల తరబడి సరిగ్గా దొరకలేదు. 2010లో బీబీసీ జీవన సాఫల్య పురస్కారం ఇచ్చారు, చప్పట్లు కొట్టారు. 2016లో పక్షవాతం వచ్చి కచేరీలు ఆగిపోయాయి. కూర్చుని తినడానికి పాత రికార్డుల రాబడి అక్కరకొచ్చే వయసులో, ఆ హక్కుల పోరాటానికి అభిమానులు చందాలు వేసుకోవాల్సి వచ్చింది. కూలోడి చెమట గురించి జీవితమంతా పాడినవాడికి ఇది జరిగింది.

దూరదేశం గొడవ మనకెందుకంటారా? ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడిన ‘బండెనక బండి కట్టి’ మన పాటే కదా. ఎవరిని అడిగినా గద్దర్ పాట అంటారు, కాదంటే జానపదం అంటారు. రాసింది బండి యాదగిరి, తెలంగాణ సాయుధ పోరాటంలోని మనిషి. అదే సినిమాలోని ‘పల్లెటూరి పిల్లగాడా’ సుద్దాల హనుమంతు రాశాడు. వాళ్లు బతికుండగా పైసా ఆశించారని కాదు. టీవీ పోటీల్లో పిల్లలు ఆ పాటలు పాడి బహుమతులు పట్టుకెళ్తారు, న్యాయనిర్ణేతలు కళ్లు తుడుచుకుంటారు, రాసినవాడి పేరు తలుచుకునేది ఎంతమంది? జానపదం అన్నది గౌరవమే. కానీ రాసినవాడు తెలిసుండీ ఆ మాట వాడితే అది బద్ధకం, ఒక్కోసారి ఎగవేత.

యాప్‌లోకి పాటను ఎక్కించేటప్పుడు రచయిత పేరుకని ఒక గడి ఉంటుంది. మన పాటలకు చాలాసార్లు అది ఖాళీ. అందులో బండి యాదగిరి అని టైపు చెయ్యడానికి ఐదు సెకన్లు పడుతుందేమో. సుద్దాల హనుమంతుకైతే ఇంకో రెండు.