అవతలి వాళ్ళ కరపత్రం కూడా చదవాలి

భార్యా బాధితుల సంఘాల వాళ్ళు వేసే కరపత్రాలకు మహిళా సంఘాల ఆఫీసుల్లో ఏ గతి పడుతుందో మనకు తెలుసు. ఎవరో ఒకరు నాలుగు వాక్యాలు పైకి చదువుతారు. అందరూ నవ్వుతారు. తర్వాత ఆ కాగితం టీ గ్లాసుల కిందికి పోతుంది. వాటికి జవాబు చెప్పడమంటే వాళ్ళకు లేని విలువ ఇవ్వడమేనని సీనియర్ కార్యకర్తలు అనడం చాలాసార్లు విన్నాను. నా అభిప్రాయం వేరు. ఆ కరపత్రాలను చివరిదాకా, చేతిలో పెన్సిలు పట్టుకుని చదవాలి. ముఖ్యంగా విడాకుల తర్వాత పిల్లల పెంపకం గురించి వాళ్ళు రాస్తున్న వాటిని తప్పకుండా చదవాలి. ఎందుకంటే ఈ విషయంలో అవతలి పక్షం ఎక్కడో దూరాన ఉండదు. విడాకుల కాగితాల మీద సంతకాలయ్యాక కూడా, పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా చాలామంది స్త్రీలకు ఆ మనిషితో మాట్లాడక తప్పదు.

ఈ మాట అనడానికి నాకు సొంత కారణం కూడా ఉంది. నాకు విడాకులై ఎనిమిదేళ్ళయింది. మా అమ్మాయికి ఇప్పుడు పదమూడేళ్ళు. పరస్పర అంగీకారంతో విడిపోయాం. పాప నా దగ్గర ఉంటుంది. రెండో శనివారం, నాలుగో శనివారం వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్తుంది. వేసవి సెలవులు చెరిసగం. సంక్రాంతి నా దగ్గరైతే ఆ ఏడు దసరా అక్కడ. నేను స్త్రీల హక్కుల కోసం పనిచేస్తాను. వాళ్ళ నాన్న నాలుగేళ్ళుగా ఒక పురుష హక్కుల సంఘంలో తిరుగుతున్నారు. మా ఇంటికి వచ్చే పేపరు వేరు, ఆ ఇంటికి వచ్చే పేపరు వేరు. ఎన్నికలొస్తే రెండిళ్ళవీ రెండు పార్టీలు. పాప సంచిలో స్కూలు పుస్తకాలతో పాటు ఆ ఇంటి కరపత్రం ఈ ఇంటికీ, ఈ పత్రిక ఆ ఇంటికీ ప్రయాణం చేస్తుంటాయి.

ప్రత్యర్థి రాసింది చదివి జవాబు చెప్పడం స్త్రీలకు కొత్త కాదు. 1882లో తారాబాయి షిండే మరాఠీలో 'స్త్రీ పురుష తులన' ఎలా రాసింది? శిశుహత్య కేసులో శిక్ష పడిన ఒక వితంతువును సాకుగా పెట్టుకుని స్త్రీలందరి నడతనూ తిట్టిపోసిన పత్రిక వ్యాసం చదివి, ఆ కోపంతో రాసింది. స్త్రీలకు తెలివి లేదు, చదివిస్తే చెడిపోతారు అనే వాదనలను ఖండించడానికే మన భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల'లో స్త్రీల చరిత్రలు సేకరించి పెట్టింది. ఎదుటివాళ్ళు ఏమంటున్నారో తెలియకుండా ఈ రెండు పుస్తకాలూ వచ్చేవి కావు.

ఇప్పటి కరపత్రాల్లో పిల్లల గురించి ముఖ్యంగా మూడు మాటలుంటాయి. ఒకటి, తండ్రికి పిల్లల్ని చూపించడం లేదు. రెండు, చట్టమంతా తల్లి పక్షానే ఉంది. మూడు, కాబట్టి పిల్లల రోజుల్ని సగం సగం పంచాలి. ఈ మూడింటినీ ఒకే గంపలో వేసి పారెయ్యకూడదు.

మొదటి మాటలో నిజం ఉంది. కేసు తేలేదాకా నెలకు రెండుసార్లు, కోర్టు ఆవరణలోనే ఒక గంటసేపు పిల్లల్ని చూసుకునే తండ్రుల్ని నేను చూశాను. ప్లాస్టిక్ కుర్చీలు, వాయిదాలకు వచ్చిన జనం, అటూ ఇటూ తిరిగే పోలీసులు. తెచ్చిన బొమ్మ పిల్లవాడి చేతికిచ్చి దగ్గరికి తీసుకునేసరికి టైం అయిపోతుంది. ఆ బాధ అబద్ధం కాదు. అదే కుర్చీల్లో తల్లులు కూర్చోవడమూ చూశాను. పిల్లల్ని ఉంచేసుకుని కోడల్ని మాత్రం బయటికి గెంటిన కేసులు మన కౌన్సిలింగ్ కేంద్రాలకు తక్కువేమీ రావు. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం పిల్లల హక్కనీ, దూరాన ఉన్నవాళ్ళకు ఫోన్లోనో వీడియోలోనో మాట్లాడే ఏర్పాటు ఉండాలనీ సుప్రీంకోర్టు 2020లో ఒక తీర్పులో చెప్పింది. ఆ తీర్పు సంగతి నాకు మొదట తెలిసింది వాళ్ళ కరపత్రంలోనే. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకు కూడా అది అంతే పనికొస్తుంది.

రెండో మాట చట్టం గురించి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఆరో సెక్షను ఏమంటుంది? మైనరు పిల్లలకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. ఐదేళ్ళు నిండని పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలని కూడా అదే సెక్షను చెబుతుంది. కరపత్రం ఈ రెండో ముక్కనే చూపిస్తుంది. రెండూ కలిపి చదివితే అసలు సంగతి బయటపడుతుంది. నీళ్ళు పోసి, అన్నం పెట్టి, జ్వరం వస్తే రాత్రంతా మేలుకుని కూర్చునే పని తల్లిది. సంతకం పెట్టే అధికారం తండ్రిది. 1984లో రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరు మీద బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలని రిజర్వు బ్యాంకు అడిగింది. ఆ వివాదంలో 1999 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 'ఆయన తర్వాత' అనే మాటకు కొత్త అర్థం చెప్పింది. తండ్రి చనిపోయాకే అని కాదు, ఆయన అందుబాటులో లేనప్పుడు, పిల్లల్ని పట్టించుకోనప్పుడు కూడా తల్లే సంరక్షకురాలని అంది. ఊరట కలిగించిన తీర్పే. అయినా సెక్షనులోని మాట మారలేదు. ఇద్దరినీ సమానంగా సహజ సంరక్షకులుగా గుర్తించాలని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫారసు చేసింది. చట్టం మాత్రం అలాగే ఉంది. సమానత్వం కావాలనే తండ్రుల సంఘాలు ఈ సెక్షను మార్చమనే మహజరు మీద మనతో కలిసి సంతకం పెట్టాలి కదా? ఈ ప్రశ్న వాళ్ళను అడగాలంటే ముందు వాళ్ళు రాసింది మనం చదివి ఉండాలి.

ఇక మూడో మాట, సగం సగం. రోజులు సగం చేస్తే పని సగమవుతుందా? పాప తలలో పేలు పడితే అది ఎవరి శనివారమైనా దువ్వెన నా చేతిలోనే ఉంటుంది. యూనిఫాం కొలతలు, టీకాల కార్డు, పేరెంట్స్ మీటింగు, మొదటిసారి నెలసరి వచ్చినప్పటి కంగారు, ఇవేవీ క్యాలెండరులో గళ్ళు పంచుకుంటే పంచబడేవి కావు. లా కమిషన్ కూడా ఉమ్మడి కస్టడీని పిల్లలకు మేలనిపించినప్పుడు కోర్టు ఇవ్వగల ఒక మార్గంగానే చూసింది. అందరికీ ముందే అదే మేలని అనుకోవాలన్న వాదాన్ని ఒప్పుకోలేదు. ఆస్ట్రేలియా అనుభవం మనకు పాఠం. అక్కడ తల్లిదండ్రులిద్దరికీ సమాన బాధ్యత ఉన్నట్టు కోర్టులు ముందుగానే భావించాలని 2006లో చట్టం సవరించారు. అది పెద్ద నిర్ణయాల గురించి పెట్టిన నియమం. అయితే రోజులు సమానంగా పంచాలనే అర్థంగా జనంలోకి వెళ్ళింది. చివరికి 2023లో మళ్ళీ చట్టం చేసి ఆ నియమాన్ని తీసేశారు. 2024 మే 6 నుంచి అది అమల్లోకి వచ్చింది. విదేశాల్లో ఇలాగే ఉందనే వాళ్ళకు ఈ రెండో సగం కథ కూడా చెప్పాలి.

'పేరెంటల్ ఎలియనేషన్' అనే మాట కూడా ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. ఒకరి మీద పిల్లల మనసు విరిచి, విషం నూరిపోయడం అని దాని అర్థం. 1980లలో రిచర్డ్ గార్డ్‌నర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు దాన్నొక జబ్బు పేరుగా ప్రచారం చేశాడు. మన సుప్రీంకోర్టు 2017లో ఒక తీర్పులో ఆ మాట వాడింది. 2024లో మరో తీర్పులో మాత్రం నిర్దిష్టమైన ప్రవర్తన చూపకుండా ఎవరి మీదా తొందరపడి ఆ ముద్ర వెయ్యరాదని హెచ్చరించింది. ఆ కేసులో ముద్ర పడింది తండ్రి మీద! హింసకు గురైన తల్లుల నోరు మూయించడానికి ఈ ఆరోపణను వాడుతున్నారనీ, కుటుంబ కేసుల్లో దాన్ని నిషేధించాలనీ ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి రీమ్ అల్‌సలేం 2023 నివేదికలో కోరింది. మన లాయరు మిత్రులు ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

చట్టం సంగతి అలా ఉంచి ఇంటికి వద్దాం. విడిపోయాక ఇద్దరూ కలిసి పిల్లను పెంచడంలో పెద్ద తగాదాలకంటే చిన్నవే ఎక్కువ అలసట తెస్తాయి. హోంవర్కు పుస్తకం ఆ ఇంట్లో ఉండిపోతుంది. వెళ్ళాల్సిన రోజే జ్వరం వస్తుంది, పంపకపోతే అనుమానం. ఫీజు గడువు దాటేదాకా ఆయన వాటా రాదు. మా అమ్మ "ఇంకా ఆయనతో మాటలేమిటే?" అంటుంది. అక్కడ నాయనమ్మ "మీ అమ్మ ఉపన్యాసాలు ఇంకా అవుతున్నాయా?" అని పాపను అడుగుతుంది. వీటన్నిటి మీదా రాజకీయాలు చేరితే మంట మరింత పెరుగుతుంది.

ఒక శనివారం తిరిగొచ్చాక పాప అడిగింది: "అమ్మా, 498ఎ కేసులు వందకు పదిహేనే నిలబడతాయట. మిగతావన్నీ దొంగ కేసులేనా?" ఆ కరపత్రం నేను ముందే చదివాను కాబట్టి జవాబు దగ్గరే ఉంది. పదిహేను అంకె నిజమేనని చెప్పాను. 2014లో అర్నేష్ కుమార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు 2012 లెక్కలు చూపి ఆ మాట రాసింది. అదే వాక్యంలో 93.6 శాతం కేసుల్లో పోలీసులు చార్జిషీటు వేశారని కూడా ఉంది. ఇద్దరం కలిసి ఆ వాక్యం చదివాం. పోలీసులకు ఆధారాలు కనిపించిన కేసు కోర్టులో ఎందుకు నిలవదు? నాలుగు గోడల మధ్య కొట్టిన దెబ్బకు సాక్షి ఎవరు? ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరగలేక రాజీపడేవాళ్ళు ఎందరు? మన ఉమ్మడి రాష్ట్రంలో 2003లోనే కోర్టు అనుమతితో రాజీకి వీలు కల్పించారు. కేసు వీగిపోవడం వేరు, అబద్ధం కావడం వేరు. 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను అయింది. నంబరు మారినా ఈ తేడా మారదు. కొన్ని కేసుల్లో సంబంధం లేని ఆడబిడ్డల పేర్లూ, ముసలివాళ్ళ పేర్లూ ఇరికిస్తారని కూడా పాపకు చెప్పాను. అదీ నిజమే కాబట్టి.

"మీ నాన్నకు ఈ మాట చెప్పు" అని మాత్రం అనలేదు. పిల్లల చేత మన వాదనలు మోయించకూడదు. చెప్పాల్సింది నేనే కాగితం మీద రాసి పంపాను. ఆయన కూడా ఈ పత్రికలో నేను రాసిన ఒక వ్యాసంలో గీతలు గీసి, కోర్టు వరండాలో కూర్చునే తండ్రి గురించి ఒక్క వాక్యం లేదని పక్కన రాసి పంపారు. ఆ వాక్యం ఈ వ్యాసంలో ఉంది. ఆయన వాదంతో నేను ఏకీభవించను, నా వాదంతో ఆయన ఏకీభవించరు. అయితే మూడు విషయాల్లో మాత్రం మాట ఇచ్చిపుచ్చుకున్నాం. పాప ముందు ఒకరినొకరు తిట్టుకోకూడదు. పాప చేత కబుర్లు పంపకూడదు. రెండిళ్ళ పేపర్లూ పాప చదవొచ్చు, ఇద్దరితోనూ విభేదించొచ్చు. కిందటి ఎన్నికలప్పుడు ఆ మూడో హక్కును మా ఇద్దరి మీదా వాడింది.

ఇదంతా దెబ్బలు తినని ఒక స్త్రీ అనుభవం. హింస ఉన్న చోట ఈ సలహా వర్తించదు. కొట్టిన మనిషితో సర్దుకుపొమ్మని, అతను రాసింది చదవమని ఏ స్త్రీకీ చెప్పకూడదు. పిల్లల్ని కలిసే నెపంతో ఆమె చిరునామా తెలుసుకునే వాళ్ళుంటారు. 2005 గృహహింస చట్టం 21వ సెక్షను కింద మేజిస్ట్రేటు తల్లికి తాత్కాలిక కస్టడీ ఇవ్వవచ్చు. తండ్రి కలవడం పిల్లలకు హాని అనిపిస్తే దాన్ని నిరాకరించాలని కూడా ఆ సెక్షను చెబుతోంది. అటువంటి చోట చదివే పని సంఘానిది, బాధితురాలిది కాదు.

సంఘాలుగా మనం చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. తల్లిని సమాన సంరక్షకురాలిని చెయ్యాలని అడుగుదాం. సగం రోజుల నియమాన్ని వ్యతిరేకిద్దాం. పిల్లల్ని కలిసే చోటు కోర్టు వరండా కాకుండా మనుషులు కూర్చోదగినట్టు ఉండాలని, హింస ఉన్న కేసుల్లో పర్యవేక్షణ ఉండాలని కోరుదాం. ఈ చివరి కోరికలో చాలామంది తండ్రులు మన పక్కన నిలబడగలరు.

మీ జిల్లాలో దొరికిన కరపత్రాలను పారెయ్యకండి. తేదీ వేసి ఒక ఫైలులో పెట్టండి. నెలకొకసారి కార్యకర్తల సమావేశంలో ఒకటి తీసి మొత్తం చదవండి. అందులో ఏది నిజం, ఏది సగం నిజం, ఏది అబద్ధం అని మూడు వరుసలుగా రాయండి. విడిపోయి పిల్లల్ని కలిసి పెంచుతున్న స్త్రీలు తమ అనుభవాలు ఈ పత్రికకు రాయండి. మహజరు తయారు చేసేటప్పుడు మనకు ఆ రెండూ కావాలి.