రిజిస్టరులో పేరు లేకపోతే ఉపాధ్యాయుడు రాడు

మే నెల చివరి వారం వచ్చిందంటే జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలో హడావిడి మొదలవుతుంది. పాఠ్యపుస్తకాల లారీలు మండలాలకు బయలుదేరతాయి. యూనిఫారాల కొలతలు, తాగునీటి కుళాయిలు, మరుగుదొడ్ల మరమ్మతులు, ఖాళీ పోస్టుల జాబితాలు అన్నీ ఒక్కసారిగా గుర్తుకొస్తాయి. తెలంగాణలో ఇటీవలి సంవత్సరాల్లో బడులు జూన్ 12న తెరుస్తున్నారు. 2024లోనూ, 2025లోనూ జూన్ 6 నుంచి 19 వరకు 'బడి బాట' పేరుతో ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగి పిల్లలను చేర్చుకున్నారు.

ఈ హడావిడిలో హైదరాబాద్ జిల్లా ఉర్దూ మాధ్యమ పాఠశాలల వంతు ఏమిటి? పాతబస్తీలో ఈ ప్రశ్న వేస్తే సాధారణంగా వచ్చే జవాబు ఒక్కటే: "సర్కారు మనల్ని పట్టించుకోదు." ఈ జవాబులో నిజం ఉంది. కాని అది సగం నిజం మాత్రమే. మిగతా సగం మన ఇళ్లలో, మన మసీదుల్లో, మాలాంటి ఉపాధ్యాయుల మనస్సుల్లో ఉంది. రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముగ్గురు పిల్లల తేడా

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. ఆ చట్టం చివర ఒక పట్టిక ఉంది. ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు. 61 నుంచి 90 వరకు ముగ్గురు. 91 నుంచి 120 వరకు నలుగురు. అంటే ఉపాధ్యాయుడు వచ్చేది వీధిలో ఎంతమంది పిల్లలున్నారని చూసి కాదు, రిజిస్టరులో ఎన్ని పేర్లున్నాయని చూసి.

మేము పనిచేసిన ఒక ఉర్దూ ప్రాథమిక పాఠశాలలో ఒక ఏడాది లెక్క తీసుకున్న రోజున 58 మంది పిల్లలు తేలారు. అయిదు తరగతులకు ఇద్దరమే మిగిలాం. ఒకరు సెలవు పెడితే రెండవవాడు అయిదు తరగతులనూ ఒకే వరండాలో కూర్చోబెట్టి లెక్కలు చెప్పాలి. ఆగస్టులో అదే గల్లీకి చెందిన ముగ్గురు తండ్రులు తమ పిల్లల చేతులు పట్టుకుని వచ్చారు. చేర్చుకున్నాం, సంఖ్య 61 అయింది. కాని అప్పటికి పోస్టుల సర్దుబాటు ముగిసిపోయింది. మాకు రావలసిన మూడవ ఉపాధ్యాయుడు మరో బడికి వెళ్లిపోయాడు. ఆ ముగ్గురూ జూన్‌లోనే వచ్చి ఉంటే మిగతా 58 మంది పిల్లలకు కూడా ఆ ఏడాది మరోలా గడిచేది. ఆలస్యం చేసింది మూడు కుటుంబాలు, మూల్యం చెల్లించింది బడి అంతా.

రెండు క్యాలెండర్లు

ఆ తండ్రులు నిర్లక్ష్యపరులు కారు. వారిలో ఒకాయన మాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "మాస్టర్ సాబ్, వాడి దౌర్ పూర్తి కానివ్వండి అనుకున్నాం." కంఠస్థం చేసిన ఖుర్ఆన్‌ను తిరిగి తిరిగి అప్పజెప్పడమే దౌర్. ఆ పని మధ్యలో ఆపడం ఏ తండ్రికీ ఇష్టం ఉండదు. మేమూ మదరసాలో చదివి వచ్చినవాళ్లమే, ఆ బాధ మాకు తెలుసు.

మదరసా సంవత్సరం షవ్వాల్‌లో మొదలవుతుంది, షాబాన్‌లో ముగుస్తుంది. చాంద్రమానం కాబట్టి అది ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. బడి సంవత్సరం మాత్రం జూన్‌ను వదలదు. ఈ రెండు క్యాలెండర్ల మధ్య ఉన్న సందులో మన పిల్లలు కొందరు జారిపోతున్నారు. పైగా 2012 నాటి సవరణతో విద్యాహక్కు చట్టం మదరసాలకు వర్తించదని తేల్చారు. మదరసా స్వేచ్ఛకు అది మంచిదే. కాని కేవలం మదరసాలో ఉన్న పిల్లవాడు ఈ చట్టం లెక్కించే బడి పిల్లల్లో లేడన్న సంగతి కూడా తల్లిదండ్రులు గ్రహించాలి.

ముస్లింల పిల్లలంతా మదరసాల్లోనే ఉన్నారని అనుకునేవారికి 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఎప్పుడో సమాధానం చెప్పింది. మదరసాల్లో ఉన్నవారు నూటికి నలుగురికి మించరు. దానికంటే కలవరపెట్టే అంకె అదే నివేదికలో ఉన్నది: 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో. అంటే మన సమస్య మదరసా కాదు. పంక్చరు షాపు, గాజుల భట్టీ, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగే అక్క. వారి పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు.

ప్రభుత్వం లెక్క చెప్పాలి

ఇక రెండవ వైపు చూద్దాం. రిజిస్టరులో పేర్లు నిండినా ఉపాధ్యాయుడు రాని బడులున్నాయి. ఎందుకు?

మొదటి కారణం కాలయాపన. తెలంగాణలో 2017 అక్టోబరులో 8,792 పోస్టులకు నియామక ప్రకటన వచ్చింది. 2023లో వచ్చిన మరో ప్రకటన రద్దయింది. చివరకు 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో డీఎస్సీ ప్రకటించారు. పరీక్షలు జులై, ఆగస్టు నెలల్లో జరిగాయి, నియామక పత్రాలు అక్టోబరు 9న ఇచ్చారు. ఆ ఏడాది బడులు తెరిచింది జూన్ 12న. దాదాపు నాలుగు నెలల చదువు ఖాళీ కుర్చీ ముందు గడిచింది. చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు ఉండాలి. ఉపాధ్యాయుడు లేని రోజును పనిదినమని ఎలా అనగలం? ఇంతకు ముందు ఖాళీలను విద్యా వలంటీర్లతో నెట్టుకొచ్చేవారు. 2020లో కోవిడ్ వచ్చి బడులు మూతపడ్డాక ఆ ఆసరా కూడా పోయింది.

రెండవ కారణం ఉర్దూ మాధ్యమానికే ప్రత్యేకమైనది. ప్రతి నియామకంలోనూ పోస్టులను రోస్టరు ప్రకారం ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలకు కేటాయిస్తారు. ఉర్దూ మాధ్యమ పోస్టులకూ అదే రోస్టరు. అయితే ఉర్దూలో చదివి, ఉర్దూలో బోధించే అర్హత గల ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు దాదాపు దొరకరు. బీసీలలో కూడా కొన్ని ఉపవర్గాలది ఇదే పరిస్థితి. ఫలితంగా ఆ పోస్టులు నిండవు, తర్వాతి నియామకానికి వాయిదా పడతాయి, అప్పుడూ నిండవు. ఇటు అర్హతలున్న ఉర్దూ అభ్యర్థి నిరుద్యోగిగా ఉంటాడు, అటు బడిలో కుర్చీ ఖాళీగా ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ చిక్కును చూపి రిజర్వేషన్లను తిట్టడం తప్పు. 2007 నుంచి బీసీ-ఇ కింద మన వర్గాలకు కూడా 4 శాతం దక్కుతున్నది. దళిత, గిరిజన సోదరుల వాటా తగ్గకూడదు. వారికి రావలసిన ఆ పోస్టుల సంఖ్యను ఇతర మాధ్యమాల్లో కలిపి ఇచ్చి, ఉర్దూ పోస్టులను ఉర్దూ తెలిసినవారితో నింపితే ఎవరికీ అన్యాయం జరగదు. నిబంధనల్లో ఇలాంటి మార్పు కోరడం భిక్ష అడగడం కాదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతున్నది. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేశారు. అధికార భాష అన్న గౌరవం కార్యాలయాల బోర్డు మీద ఉండి, తరగతి గదిలో నల్లబల్ల ముందు మనిషి లేకపోతే ఆ గౌరవం ఎందుకు?

మా ఇంటి మాట

ప్రభుత్వాన్ని ఇంత అడిగిన తర్వాత మమ్మల్ని మేము అడగకపోతే అది న్యాయం కాదు. ఉర్దూ ఉపాధ్యాయులమైన మేము ఎందరం మా పిల్లలను ఉర్దూ బడిలో చదివించాం? నిజం చెప్పాలంటే చేతి వేళ్లతో లెక్కపెట్టవచ్చు. ఉర్దూలో పాఠం చెప్పి జీతం తీసుకున్నాం, ఆ జీతంతో ఇంగ్లీషు బడి ఫీజు కట్టాం. మా గల్లీలోని రిక్షా కార్మికుడు ఇది చూడకుండా ఉంటాడా? "మాస్టర్ సాబ్ పిల్లలే పోని బడికి నా బిడ్డను ఎందుకు పంపాలి?" అని అతడు అడిగితే మా దగ్గర జవాబు లేదు.

ఇంగ్లీషు మీద మాకు కోపం లేదు. 2016లో 71 బడులతో మొదలై 204కు చేరిన మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మాధ్యమంలోనే ఎందరో పేద పిల్లలను ముందుకు తెచ్చాయి. తెలుగు మీదా కోపం లేదు, ఈ వ్యాసం తెలుగులోనే రాస్తున్నాం. రాష్ట్రంలో ప్రతి బడిలోనూ తెలుగు నేర్పాలని 2018లో చట్టం వచ్చింది, అది మన పిల్లల మేలుకే. కాని గురుకులంలో సీట్లు పరిమితం. సీటు రాని పిల్లకు, ఫీజు కట్టలేని తల్లికి గల్లీ చివర ఉన్న ఉర్దూ బడే దిక్కు. అది మూతపడితే ఆ పిల్ల ఇంగ్లీషు బడికి పోదు, ఇంట్లోనే ఉండిపోతుంది.

ఈ జూన్‌లో చేయవలసినవి

మొదటిది, బడులు తెరవడానికి ముందు వచ్చే రెండు శుక్రవారాలు. ఇమాములు జుమా నమాజు తర్వాత అయిదు నిమిషాలు బడి ప్రవేశాల గురించి చెప్పాలి. పేరు లేని పిల్లలెవరో మసీదు కమిటీకి తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు.

రెండవది, కాగితాల భయం. జనన ధ్రువీకరణ లేదని ఎందరో తల్లులు గడప దాటడం లేదు. వయస్సు రుజువు లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదని చట్టంలోని 14వ సెక్షను స్పష్టంగా చెబుతున్నది. బడి మానిన, బడికి పోని పిల్లను వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షను చెబుతున్నది. పదేళ్ల హాఫిజ్ ఒకటవ తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోవలసిన పని లేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలామంది తండ్రులు ముందుకు వస్తారు. హిఫ్జ్ చేయించే ఉస్తాదులు కూడా ఉదయం, సాయంత్రం వేళలు సర్దితే రెండు చదువులూ సాగుతాయి.

మూడవది, అడగడం. ప్రతి ఉర్దూ బడిలో ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీ, ఎన్ని రోస్టరు వల్ల ఆగిపోయాయి అన్న జాబితా బడులు తెరవక ముందే ప్రకటించమని జిల్లా అధికారులను కోరాలి. చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. బురఖా వేసుకున్న తల్లి ఆ కుర్చీలో కూర్చుని "మా బడికి మూడవ టీచరు ఏరీ?" అని అడిగే రోజు రావాలి.

అయితే ఆ తల్లి అలా అడగాలంటే ముందు ఆమె బిడ్డ పేరు రిజిస్టరులో ఉండాలి. ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వం చేసేదాకా కొట్లాడదాం. జూన్ మొదటి వారంలో పేరు రాయించే పనికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ రోజు నమాజు ముగించి ఇంటికి వెళ్లే దారిలో, బడికి పోని పిల్ల ఏ తలుపు వెనక ఉందో ఒకసారి చూడండి.